హీటెక్కితే వచ్చే చప్పుడు

"ఈ ఆదివారం గనక ఆ చప్పుడు మళ్లీ వచ్చిందో, ఈ సెట్టు మొత్తం నీకే ఇచ్చేస్తా. పట్టుకుపో!" అన్నారు సౌండు మావయ్య, బామ్మర్దితో.

అనేశాక నాలుక్కరుచుకున్నారు గానీ, అప్పటికే బామ్మర్ది సోఫాలోంచి లేచి స్పీకర్లను జానతో కొలిచేస్తున్నాడు.

సౌండు మావయ్య అన్న పేరు వీధి పెట్టింది. సినిమా హాలు మేనేజరుగా రిటైరైన వెంటనే ఆయన ఇంట్లో హోమ్ థియేటర్ బిగించుకున్నారు. చుట్టూ ఐదు స్పీకర్లు, మధ్యలో చెక్క అరలో పెళ్లికొడుకులా యాంప్లిఫయరు. దాని మీద ఈగ వాలినా ఊరుకోరు. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక కర్టెన్లు లాగి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి సినిమా వేస్తారు. తను మాత్రం యాంప్లిఫయరు పక్కన పడక్కుర్చీలో వాలి కళ్లు మూసుకుంటారు.

"బొమ్మ ఎవడైనా చూస్తాడు. సౌండంటే కళ్లు మూసుకుని వినాలి" అంటారు.

ఆయనకు ఎదురుచెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఒకసారి భార్య, "మీరు పాడుతుంటే శ్రుతి కాస్త అటూ ఇటూ అవుతోందండీ" అన్నందుకు అలిగి, వారం పాటు కాఫీ పక్కింట్లో తాగారు.

అలాంటి మనిషికి ఈ తంటా వచ్చి పడింది. కొత్తకోడలి నాన్నగారు తొలిసారి సినిమాకు కూర్చున్న రోజది. లైట్లు వేశాక ఆయన మొహమాటంగా, "అంతా బాగుంది బావగారూ! మధ్యలో ఆ పిండిమర చప్పుడేమిటి?" అన్నారు.

"చప్పుడా? నా సెట్టులోనా?"

గదిలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"యాంప్లిఫయరు నాన్నా! హీటెక్కితే అలా వస్తుంది" అంది కోడలు గబగబా.

"అవునవును, హీటే!" అంది అత్తగారు. కొడుక్కి ఎక్కడలేని దగ్గూ ముంచుకొచ్చి వంటింట్లోకి పరుగెత్తాడు.

మావయ్యకు తల కొట్టేసినంత పనయింది. అసలు సంగతేమిటంటే ఆ చప్పుడు ఆయనకు వినబడనే లేదు. కానీ సౌండు మావయ్యకు వినబడని చప్పుడుందని తెలిస్తే ఇంకేమైనా ఉందా? వీధిలో తలెత్తుకోగలరా?

"నేనూ గమనించాన్లెండి. ఎడంవైపు నుంచి వస్తోంది" అన్నారు గంభీరంగా.

ఇక మొదలైంది వైద్యం. మొదట చెక్క అర తలుపులు ఊడగొట్టారు. చప్పుడు వచ్చిందన్నారు. వెనక పలకకు గాలాడేలా కన్నాలు పెట్టారు. వచ్చిందన్నారు. యాంప్లిఫయరును అరలోంచి తీసి స్టూలు మీద పెట్టి, పసిపాప వీపు తుడిచినట్టు బ్రష్షుతో దుమ్ము దులిపి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టారు. "ఇవాళ మరీ ఎక్కువొచ్చింది బావా!" అన్నాడు బామ్మర్ది కళ్లు తుడుచుకుంటూ. తన కష్టం చూసి కరిగిపోయాడనుకుని మావయ్యకు వాడిమీద మొదటిసారి ప్రేమ పుట్టింది.

మెకానిక్ వచ్చి లోపలి ఫ్యాను మార్చాడు. పైన చెయ్యి పెట్టి చూసి, "చల్లగా ఉంది కదండీ! నేనున్నప్పుడు ఏ చప్పుడూ రాదు. వచ్చినప్పుడు ఫోన్లో రికార్డు చేసి పెట్టండి. విన్నానంటే జబ్బేమిటో చెప్పేస్తా" అన్నాడు.

ఆదివారం రానే వచ్చింది. బామ్మర్ది ఖాళీ అట్టపెట్టెలతో సహా దిగాడు. మావయ్య తన ఫోన్‌ను రికార్డింగులో పెట్టి, భక్తిగా యాంప్లిఫయరు మీద ఉంచారు.

"ఎందుకండీ ఈ రికార్డింగులు! నలుగురికీ వినిపించే చప్పుడా అది?" అంది భార్య కంగారుగా.

"నీకు తెలీదు, ఊరుకో. జబ్బు దొరికితే సెట్టు దక్కుతుంది" అని ఆయన పడక్కుర్చీలో వాలారు.

సినిమా అయిపోయింది.

"వచ్చిందా?" అన్నారు మావయ్య, గుండె చిక్కబట్టుకుని.

"రాకేం బావా! దివ్యంగా వచ్చింది" అంటూ బామ్మర్ది అట్టపెట్టె విప్పాడు.

"ఆగరా! మెకానిక్ వినేదాకా దేన్నీ ముట్టుకోకు!"

సాయంత్రం మెకానిక్ వచ్చి ఫోన్‌ను సెట్టుకు కలిపాడు. "పాలు పొయ్యి మీదున్నాయండీ" అని భార్య లేవబోయింది. "మావయ్యగారూ, బట్టలు తీయాలి" అని కోడలు లేవబోయింది. ఆయన ఒక్కర్నీ కదలనివ్వలేదు. మహా తీర్పు చెప్పే రోజు కదా!

"వాల్యూం పెంచవయ్యా! పూర్తిగా!"

సినిమా సంగీతం వెనకాల ముందు సన్నగా బుసలు మొదలయ్యాయి. తర్వాత మేడ మీద రోలు దొర్లించినట్టు గర్జన. కిటికీ అద్దాలు గలగలలాడాయి. మావయ్య కుర్చీలోంచి ఎగిరి గంతేశారు. ఇన్నాళ్లకు, ఇన్నాళ్లకు ఆ దొంగ దొరికాడు!

"అదిగో! అదే! విన్నావా ఎంత ఘోరంగా ఉందో? ఇలాంటి సరుకు మనుషుల మధ్య ఉండదగ్గదేనా? అంటగట్టినవాణ్ని జైల్లో వేయాలి!"

మెకానిక్ నొసలు ముడిచి స్పీకరుకు చెవి ఆనించాడు. కొడుకు దిండులో మొహం దాచుకున్నాడు. ఇంతలో రికార్డింగులో భార్య గొంతు మెల్లగా వినిపించింది: "ఏమండీ... ఏమండీ, మిమ్మల్నే!"

ఐదు స్పీకర్లలోనూ ఆ గర్జన ఠక్కున ఆగిపోయి, వెంటనే అంత స్పష్టంగానూ సౌండు మావయ్య గొంతే పలికింది: "నిద్రా? నేనా? కళ్లు మూసుకుని వింటున్నానే!"