చేతి గేరు

మనుషులు తమ చేత్తో గేరు మార్చడం నేరమైన కాలమది. తమంతట తామే నడిచే కొత్త వ్యానులు నిట్టనిలువు ఘాటీని చూస్తే మొరాయించేవి. పాంగి ఎస్తేరు పాత డీజిల్ వ్యాను ఒక్కటే కొండమీది గర్భిణులను ఆసుపత్రికి చేర్చేది. దాన్ని పట్టుకోవడానికి వచ్చిన అధికారి, తన వ్యాను కదలనందువల్ల, ప్రయాణికుడిలా ఆమె వ్యానులోనే కొండెక్కాడు. దారిలో మంచినీళ్ళు కూడా అడిగి తాగాడు. దిగగానే గేరు రాడ్డుకు సర్కారు తాళం బిగించాడు.

"ఇంట్లో మా కోడలికి నొప్పులొస్తన్నాయి బాబూ. తియ్యండి."

"ఇది ఆఫీసులో తప్ప ఊడదు. కొత్త వ్యాను పిలిపించుకో."

"అది కొండెక్కితే తమరు నా బండెందుకు ఎక్కినారు?"

ఈలోగా ఆడవాళ్ళు డోలీ కట్టి కోడలిని పడుకోబెట్టారు. ఎస్తేరు డోలీ కర్ర కొసను అతని భుజం మీద మోపింది.

"తమరూ కిందికే కదా. పట్టండి."