ఒక్క మాటతో అయిపోయే కథ

“నోరు పడిపోయిందా దీనికి?” చేతిలో ఉన్న చేట టీవీ మీదికి విసిరినంత పని చేశాను.

సీరియల్లో ఆ పిల్లకి పెద్ద జబ్బు. వారం నుంచీ దగ్గినప్పుడల్లా రుమాల్లో రక్తం. తల్లి రాగానే రుమాలు దాచేసి నవ్వుతుంది.

“కన్నతల్లికి ఒక్క మాట చెబితే కథ అయిపోతుందని సాగదీస్తున్నారు, వెధవలు!”

“వాళ్ళమ్మ భయపడుతుందని చెప్పట్లేదమ్మా,” అంది మా అమ్మాయి శ్రీదుర్గ, జడ అల్లుకుంటూ.

“భయపడితే చస్తుందా? తల్లికి కాకపోతే ఇంకెవరికి చెప్పుకుంటుందే?”

“మొన్న నా మెడ దగ్గర గడ్డ తగులుతోందంటే నువ్వేమన్నావు? దీపాలవేళ అలాంటి మాటలనకు, పైన తథాస్తు దేవతలుంటారు, నోరు ముయ్యమన్నావు.”

నిజమే. పాలు పొంగుతున్నాయని వంక పెట్టి లేచి వెళ్ళిపోయాను కూడా.

“అది ఇంకా తగ్గలేదా?”

దుర్గ టీవీలో పిల్లలాగే నవ్వబోయింది.

ఆ నవ్వు చూడగానే ఒళ్ళు మండిపోయింది. లేచి టీవీ కట్టేసి, దాని జడ పక్కకి లాగాను.

“అమ్మా, దీపాలవేళ...”

“దేవతలు వింటే విననీ! రేపు పాలకొల్లులో డాక్టరు గారికి చెబుదువుగాని, ముందు నాకు చెప్పవే!”