తోక ఊపిన కాపలా

ఎర్రయ్య పందుల దొడ్డికి కర్రిగాడనే కుక్క కాపలా. పందులకు రోగమొచ్చిన ఏడు ఎర్రయ్య వాడికి ఒక్క మాట నేర్పాడు: "జబ్బుల కాలంలో పిట్టను కూడా లోపలికి రానీయకు."

ఈసారి జబ్బు మనుషులకొచ్చింది. ఎర్రయ్యను ఆస్పత్రికి తీసుకెళ్లారు. పొరుగింటి నూకాలు మూతికి గుడ్డ కట్టుకుని, పందుల కోసం కుడితి బిందె మోసుకొచ్చింది. కర్రిగాడు మీదికి ఉరికాడు. ఆమె వెనక్కి పరుగెత్తింది.

"కుడితి తెచ్చిన మనిషినే తరుముతావేంట్రా?" అంది ముసలి పంది.

"జబ్బుల కాలం కదత్తా!"

"జబ్బు మాకు కాదురా, ఎర్రయ్యకు."

కర్రిగాడు చెవి గోక్కున్నాడు. "ఎవరి జబ్బో ఆయన చెప్పలేదే! మీకొస్తే ఆమె రాకూడదు. ఆమెకొస్తే అప్పుడూ రాకూడదు. మరి మేత ఎవరు పెట్టాలి?"

"అదే మేమూ అడుగుతున్నాం."

"అదీ చెప్పలేదు."

మర్నాడు నూకాలు మళ్లీ వచ్చింది. ఈసారి కుక్కకూ ఇంత అన్నం తెచ్చింది. కర్రిగాడు తన ఖాళీ చిప్పకేసి ఒకసారి చూసి, గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. నోరు మొరుగుతోంది, తోక ఊగుతోంది. రెండింట్లో దేన్ని నమ్మాలో తెలియక, నూకాలు నెత్తిన బిందెతో అక్కడే నిలబడిపోయింది.