దీవి గొంతు

రెండో ఆదివారం కూడా మంచుదీవి పలకకపోయేసరికి రేడియో క్లబ్బు గదిలో అందరి గుండెలూ జారిపోయాయి.

ఆ దీవిలో వాతావరణాన్ని నమోదు చేసే మనిషి ఒక్కడే ఉంటాడు.

ఆఖరిసారి మాట్లాడినప్పుడు ఒళ్లు కాలిపోతోందన్నాడు. ఓడ మళ్లీ వెళ్లేది చలికాలం గడిచాకే.

ఇక్కడ అతని భార్య టైలరమ్మ, పచ్చి బాలింత, బిడ్డను ఒళ్లో వేసుకుని మైకు పట్టుకుంది. కూతురు పుట్టిందని అతనికింకా తెలియదు.

"ఏమండీ, వినపడుతోందా?"

ఆమె మాటను కొండమీది రిపీటర్ అందుకుని బలంగా పైకి పంపింది. దేశదేశాల రేడియోలను కలిపే ఇంటర్నెట్ లింకు దాన్ని సముద్రాలు దాటించింది.

జవాబు లేదు.

"యాంటెన్నా చూసొచ్చానక్కా, బంగారంలా ఉంది," అన్నాడు మెకానిక్. "కొండెక్కి దిగేసరికి మూలపడ్డవి నా మోకాళ్లే."

"మరి లింకు?"

"అదీ బాగానే ఉంది. ఇందాకే ఎవరో పరదేశి పలకరించాడు. అడగనివాడు పలుకుతాడు, అడిగినవాడు పలకడు."

"మరి మా ఆయన?"



"కంగారు పడకమ్మా, నేనున్నాగా!" అన్నాడు క్లబ్బు ప్రెసిడెంటు. మైకు దొరికితే వదలడు కాబట్టి చాటున ఆయన్ని మైకాసురుడంటారు.

"మీరుంటే మైకు మాకెక్కడ దక్కుతుంది సార్," అని గొణిగాడు మెకానిక్.

ఎవరికీ నవ్వు రాలేదు.

"నత్తగారున్నా బావుండేది. ఆయన్నైనా అడిగేదాన్ని," అంది టైలరమ్మ.

నత్త అని వీళ్లు పేరు పెట్టుకున్నది లింకులో వినిపించే ఒక ముసలి గొంతుకి. ఏ దేశమో ఎవరూ అడగలేదు. ఆదివారం ముచ్చట్లు జోరందుకోగానే మధ్యలో దూరి, "ఆగండి... కాస్త ఆగండి" అనేవాడు.

అందరూ ఆగేవారు. ఆయన మాత్రం ఏమీ చెప్పేవాడు కాదు. ఎంతోసేపటికి, "సరే, కానివ్వండి" అనేవాడు.

"ముసలాయన కునుకు తీయడానికి మనం నోళ్లు కట్టుకోవాలా?" అని మైకాసురుడు రుసరుసలాడేవాడు.

"అవునూ, ఆయన కూడా ఈమధ్య రావట్లేదు కదూ?" అన్నాడు మెకానిక్.

కంప్యూటర్ మీదున్న మైకాసురుడి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. ఎక్కడో మరో ఖండంలో కూర్చుని లింకును నడిపే ఆవిడను పిలిచి, లోగొంతుతో ఏదో అడిగాడు.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన తక్కువ మాట్లాడి ఎక్కువ విన్నాడు.

కంప్యూటర్‌లో ఏదో మార్చాడు.

స్పీకరు గరగరమంది. ఆ గరగర అడుగున గాలి ఈల వేస్తోంది. గాలి అడుగున, సన్నగా, ఒక మనిషి.

"...వినపడుతోందా? జ్వరం తగ్గింది. నువ్వెలా ఉన్నావు?"

టైలరమ్మ మైకు నొక్కి బిడ్డ నోటి దగ్గర పెట్టింది.

బిడ్డ క్యారుమంది.

ఆ ఏడుపు కొండెక్కింది. సముద్రాలు దాటింది. గడ్డిపరకైనా మొలవని మంచులో ఒంటరి గది తలుపు తట్టింది.

"ఎవరూ..." అన్నాడతను.



"ఆడపిల్లండీ," అంది టైలరమ్మ. "ముక్కు అచ్చం మీదే. ఏం చేస్తాం!"

లోకం చివర ఒక మనిషి ఏడుస్తూ నవ్వడం ఆ గదిలో అందరూ విన్నారు.

మాటలయ్యాక మైకాసురుణ్ణి చుట్టుముట్టారు.

"ఏం బాగుచేశారు సార్? మీరు మామూలోళ్లు కాదు!"

"బాగుచేయలేదు. పాడుచేసింది నేనే," అన్నాడాయన తల దించుకుని.

"అదేంటి సార్?"

"ఆఖరిసారి మీ ఆయన మాట్లాడిన రోజే, నత్త నా ముచ్చట మధ్యలో ఆగమన్నాడని కంప్యూటర్‌లో ఆయనకి అడ్డుకట్ట వేశానమ్మా. ఆయన మాట మనకీ, మన మాట ఆయనకీ చేరకుండా. పీడ వదిలిందనుకున్నా."

"దానికీ మా ఆయనకీ ఏంటండీ సంబంధం?"

"ఆ దీవికి ఇంటర్నెట్టే లేదట తల్లీ. మీ ఆయన దగ్గరున్నది పాత రేడియో. దాని గొంతు ఇంత సముద్రం దాటేసరికి దోమ రొదైపోతుంది. ఆ రొదను తన పెరటి యాంటెన్నా తీగలతో పట్టి, ఇన్నాళ్లూ మన లింకులోకి అందించింది నత్తే. మనల్ని ఆగమన్నది అది వినడానికే. నేను తలుపేశాక కూడా ఆ ముసలాయన మంచంలోంచి మనల్ని పిలుస్తూనే ఉన్నాడట. మొన్న బుధవారం పోయాడమ్మా... ఇవాళ ఆ రేడియో ముందు కూర్చుని, నీ బిడ్డ ఏడుపును దీవికి చేర్చింది ఆయన భార్య."