అమ్ముడుపోయే ముఖం

హైదరాబాదు నుంచి వచ్చి కారు దిగిన ఆవిడ చేతిలో ఒక సంచి, ఒక కార్డు ఉన్నాయి.

"నేను ఈమెను చూడాలి," అంది కార్డు మీది ఫొటో చూపిస్తూ.

లక్సెట్టిపేట కుట్టు కేంద్రంలో మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి.

బాలలక్ష్మి తల ఎత్తలేదు. ఆ ఫొటో తనది కాదని చూడకుండానే తెలుసు.

"వజీరున్నీసా, నీ కోసమేనే! మళ్ల వచ్చిండ్రు!" ఎవరో నవ్వారు.

వజీరున్నీసా కొంగు సర్దుకుంటూ లేచింది. హైదరాబాదు ఆవిడ ఆమెను కావలించుకుని కళ్లు తుడుచుకుంది.

ఇలా ఎవరో ఒకరు రావడం ఇది మూడోసారి.

ఆ కేంద్రంలో పవర్‌లూమ్ ముక్కగుడ్డలతో సంచులు కుడతారు. కుట్టినామె ఫొటో, నాలుగు వాక్యాల్లో ఆమె కథ ఉన్న కార్డు ప్రతి సంచికీ కడతారు. పేద ఆడవాళ్లకు మేలు చేయాలనుకునేవాళ్లు నగరంలో ఆ కార్డు చూసి కొంటారు. సంచి పోతేనే, లోపల వేసిన నంబరు చూసి కుట్టినామెకు కూలి ఇస్తారు.

కొనేవాళ్లు సంచిని ఒకసారి చూస్తారట, ముఖాన్ని రెండుసార్లు.

వజీరున్నీసా ఫొటోలో లోకంలోని దుఃఖమంతా ఉంది.

"గంత ఏడుపుమొఖం ఎట్ల పెట్టినవే?" అని బాలలక్ష్మి ఒకసారి అడిగింది.

"ఆ దినం పన్ను గుంజుతుండె అక్కా."

అందరూ విరగబడి నవ్వారు. బాలలక్ష్మి కూడా నవ్వింది. ఇంటికి పోయి అద్దం ముందు నిలబడి, పన్ను గుంజుతున్నట్టు ముఖం పెట్టి చూసుకుంది.

తన ఫొటోలో పెద్ద కమ్మలు, నిండు చెంపలు, జాతరకు వచ్చినట్టు నవ్వు. భర్త దశరథం మగ్గం ఆగిపోయి ఇంట్లో కూర్చున్నాడనీ, పొయ్యి వెలిగేది తన కూలితోనేననీ ఆ ముఖం చూసి ఎవరూ అనుకోరు.

మొదట్లో తన సంచి ఒక్కటీ పోలేదు. తర్వాత చెయ్యి తిరిగింది కాబోలు, అన్నీ పోతున్నాయి. ఏడు నెలల కింద ఆదిలాబాదు నుంచి వచ్చిన వజీరున్నీసావే పోక కుప్పలు పడ్డాయి.

"అమ్ముడువోయేటియి నాయి, కావలించుకునేది దాన్ని," అంది దశరథంతో.

"నీకు పైసలు గావాల్నా, కావలించుకునుడు గావాల్నా?"

ఆమెకు రెండోదే కావాలని ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

ఇప్పుడు హైదరాబాదు ఆవిడ సంచిని వజీరున్నీసా భుజానికి తగిలించి ఫొటో తీయడానికి ఫోను ఎత్తింది.

బాలలక్ష్మి కళ్లు సంచి పిడి మీద ఆగాయి. మూడు అడ్డకుట్లు. అలా కుట్టేది ఆ కేంద్రంలో తనొక్కతే.

"అమ్మా, గది నేను కుట్టిన సంచి."

బాలలక్ష్మి మిషను వదిలి దగ్గరికి వచ్చింది.

"లోపట నంబరు చూడుండ్రి. తొమ్మిది. నాది తొమ్మిది, గామెది పద్నాలుగు. కార్డులు కట్టే పని గామెదే. నా కష్టానికి తన మొఖం కట్టుకుంటుంది!"

ఆవిడ సంచి తిరగేసింది. తొమ్మిది.

వజీరున్నీసా భుజం మీద వేసిన ఆవిడ చెయ్యి మెల్లగా జారింది.

"నిజమేనా?"

వజీరున్నీసా బాలలక్ష్మి వైపు ఒకసారి చూసింది.

"నిజమే. నేనే కట్టిన."

కేంద్రం చూసుకునే తిరుమల ఏదో అనబోయింది. వజీరున్నీసా వద్దన్నట్టు తల ఊపింది.

వారంలో నగరంలో సంచులు అమ్మేవాళ్ల నుంచి కాగితం వచ్చింది. కొనేవాళ్ల నమ్మకమే తమకు ముఖ్యం. అబద్ధపు కార్డులు కట్టినామె ఇక రానక్కరలేదు.

"ఉంట బాలక్కా," అని వజీరున్నీసా తన కత్తెర తీసుకుని వెళ్లిపోయింది.

బాలలక్ష్మికి ముల్లు తీసినంత హాయిగా అనిపించింది.

ఆ రోజు నుంచి తన కార్డులు తనే కట్టుకుంది. ఒక్కో ముఖాన్ని బొటనవేలితో తుడిచి మరీ కట్టింది. బయట బండి చప్పుడైతే వాకిలి వైపు చూసేది.

ఏ కారూ రాలేదు.

మూడో నెలలో అమ్ముడుపోని సంచులే వాపసు వచ్చాయి. కట్టిన తాళ్లు కట్టినట్టే, అన్నీ తనవే.

"ఏంది మేడం గిది? గిన్ని నెలల్ల నాది ఒక్క సంచి వాపస్ రాలే!"

తిరుమల ఆమెను వెనక గదిలోకి తీసుకుపోయి ఎప్పుడో వాపసొచ్చిన పాత మూట ఒకటి విప్పింది.

"చూడు."

బాలలక్ష్మి ఒక సంచి తీసింది. దాని మీద తన కార్డే. ఇంకోటి తీసింది. దాని మీదా తన కార్డే.

"గివి నేను కుట్టలే మేడం."

"లోపట చూడు."

పద్నాలుగు. ఇంకో దాంట్లో పద్నాలుగు. మూటంతా పద్నాలుగే.



"నీయి ఒక్కటి గూడ పోతలేకుండె, యాదికున్నదా?" అంది తిరుమల. "నిన్ను తీసెయ్యుమని కాయిదం వచ్చింది. గామె చేరిన కొత్తల, గామె ముందటనే సదివిన. 'మా ఇంటాయన అబ్బాస్ పంచరు దుకాణం నడుస్తుంది, బాలక్కకు గీ కూలి ఒక్కటే' అన్నది. నీకు చెప్పొద్దన్నది. నేను గూడ తెలిసి ఊకున్న, కారుల ఆమె వచ్చిన దినం నా కొలువు పోతదని నోరు మూసుకున్న."

"ఏం చెప్పొద్దన్నది?"

"తన మొఖం నీ సంచులకు కట్టి, నీ మొఖం తన సంచులకు కట్టుకున్నదని."