మూడో కేబుల్

"ఏ కేబుల్ పెట్టారో నాకు చెప్పకండి. నా చెవులే చెప్పాలి" అంటూ ఆమె స్పీకర్ల ఎదుట కూర్చుని కళ్ళు మూసుకుంది. "చూశానంటే ధర గుర్తొస్తుంది. ధర గుర్తొస్తే చౌకదే బాగుందనేస్తాను."

వెనక కూర్చున్న పెద్దమనిషి పకపకా నవ్వాడు. పుస్తకాలను ఆడియోగా తెచ్చే కంపెనీ ఆయనది. ఆ పుస్తకాలు చదివే గొంతు ఆమెది. ఆ గొంతును రికార్డు చేసి, దుమ్ము దులిపి పంపేది ఆమె భర్త. ఫ్లాట్‌లో వెనక గది గోడలకు పాత దుప్పట్లు బిగించి దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నారు. ఇద్దరికీ అన్నం పెట్టేది ఆ గదే.

కొంతకాలంగా స్పీకర్లలో సన్నగా గుయ్‌మని ఒకటే మోత. కంప్యూటర్ నుంచి స్పీకర్లకు వెళ్ళే కేబుల్ పాతబడి, పక్కనున్న కరెంటు వైర్ల రొదనంతా పీల్చుకుంటోంది. ఆ మోత చాటున గొంతులోని చిన్న చిన్న లోపాలు దాక్కుంటున్నాయి. రొదను దగ్గరికి రానివ్వని కేబుళ్ళు బజార్లో ఉన్నాయి కానీ వాటిలోనూ సవాలక్ష రకాలు. ఒక్కో దుకాణంవాడిది ఒక్కో పాట.

చివరికి కంపెనీ ఆయనే మూడు రకాలు పట్టుకుని ఇంటికొచ్చాడు.

"చెల్లెమ్మ ఏది బాగుందంటే అది. ఖర్చు నాది" అన్నాడు.

"అన్నయ్యగారంటే అన్నయ్యగారే!" అని ఆమె మురిసిపోయింది.

ఆమెవి పాము చెవులు. వంటింట్లో కుళాయి కారుతుంటే మెట్ల మీదే పసిగట్టేస్తుంది. చదువుతూ చదువుతూ గుటక మింగితే ఏ వాక్యంలో మింగిందో వారం తర్వాత కూడా వేలు పెట్టి చూపిస్తుంది. భర్తకు తన పనితనం మీద లేని నమ్మకం ఆ చెవుల మీద ఉంది. ఆ నమ్మకంతోనే ఈ పరీక్షకు సరేనన్నాడు.

అతను బల్ల వెనక్కి వంగి టకటకమని చప్పుడు చేశాడు. తర్వాత మీట నొక్కాడు.

ఆ పొద్దున్నే ఆమె చదివిన పేజీ అది. రైలు దిగని మనిషి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఒక ఇల్లాలి కథ.

"మోత పోయిందండీ!" అందామె కళ్ళు తెరవకుండానే. "కానీ గొంతు ముసుగు తన్ని పడుకున్నట్టుంది. తర్వాతది పెట్టండి."

మళ్ళీ టకటక. మళ్ళీ అదే పేజీ.

"ఊహూ. మొదటిదే నయం. ఇందులో 'స'లన్నీ చెవిలో సూదుల్లా గుచ్చుకుంటున్నాయి."

భర్త బల్ల వెనక నుంచి తల ఎత్తాడు. "సరిగ్గా విన్నావా? మొదటిదానికీ దీనికీ నిజంగా అంత తేడా ఉందా?"

"లేకపోవడమేమిటి? మీకు వినబడకపోతే నేనేం చేసేది!"

కంపెనీ ఆయన నవ్వు ఆపుకుంటూ కిటికీ వైపు తిరిగాడు.

మూడోసారి టకటక చాలాసేపు సాగింది. మీట మీద వేలు పెట్టి కూడా అతను నొక్కలేదు. కంపెనీ ఆయన గొంతు సవరించుకున్నాక నొక్కాడు.

ఈసారి ఆమె తల కాస్త పక్కకు వాలింది. పేజీ సగానికి వచ్చేసరికి ఆమె పెదవులు కూడా ఆ మాటలతో పాటే కదలడం మొదలుపెట్టాయి. అయిపోయాక చూస్తే కనురెప్పల అంచున తడి.

"ఇదీ నేనంటే" అంది.

"తొందరపడకు" అన్నాడు భర్త. "ఇంకోసారి విను. ఎక్కడైనా ఏదైనా కొత్తగా... నీకు నచ్చనిది..."

"మీరు చెప్పకూడదు" అని కంపెనీ ఆయన మెల్లగా అడ్డం పడ్డాడు. "ఆవిడ చెవుల్ని చెప్పనివ్వండి."

మళ్ళీ వినిపించారు. అతను భార్య ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. కనుబొమ్మ ఒక్కసారి ముడిపడితే చాలు. పడలేదు.

"ఇంక వెతక్కండి. ఇదే ఉంచేయండి" అందామె కళ్ళు తుడుచుకుంటూ. "ఆ రైలు వెళ్ళిపోయాక తీసిన ఊపిరి విన్నారా? మొదటి రెండింటిలో అది ఎక్కడో చచ్చిపోయింది. ఇన్నేళ్ళూ నా గొంతు నేనే సరిగ్గా వినలేదన్నమాట. పాడు కేబుల్!"

"అయితే మూడోదే ఖాయమా చెల్లెమ్మా?"

"ఒట్టేసి చెబుతాను. మూడోదే!"

కాఫీ కలపడానికి ఆమె చిన్నపిల్లలా వంటింట్లోకి పరుగెత్తింది. కంపెనీ ఆయన లేచి వచ్చి భర్త భుజం తట్టాడు.

"మాట మాటే. మీ ఉద్యోగానికి ఢోకా లేదు. వచ్చే పుస్తకం నుంచే మొదలుపెట్టేద్దాం."

అతను తలూపాడు. తలూపక ఏం చేస్తాడు? కుర్చీలో కూలబడి స్పీకర్ల వంక వెర్రిచూపులు చూశాడు.

"అన్నయ్యగారూ!" వంటింట్లోంచి ఆమె కేక. "వచ్చేది మంచి లావుపాటి పుస్తకం ఇవ్వండి. ఈ కేబుల్‌తో అయితే రామాయణమంత ఉన్నా గుక్క తిప్పుకోకుండా చదివేస్తా!"

"అలాగేనమ్మా" అన్నాడు ఆయన, సెల్‌ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

మూడుసార్లూ మోగింది ఒకటే కేబుల్. మూడోసారి చదివింది మాత్రం ఆమె కాదు, ఇన్నేళ్ళ ఆమె గొంతు విని నేర్చుకున్న కంప్యూటర్.