పెకూసిస్ చదివిన పుస్తకం

పుస్తకం ఇస్తారా, చదివేవాణ్ణి ఇస్తారా అని అడిగాడు సైనికాధికారి. సాయంత్రంలోగా తేల్చమన్నాడు. క్రైస్తవుల గ్రంథాలన్నీ తగలబెట్టాలని చక్రవర్తి ఆజ్ఞ. పుస్తకం దొరక్కపోతే చదువరిని రాతి గనులకు తోలతారు. అక్కడికి వెళ్ళినవాడెవడూ మళ్ళీ నైలు నీళ్ళు తాగలేదు.

ఆ ఊరి సంఘానికి ఉన్నది ఒక్కటే పుస్తకం. చదివేవాడూ ఒక్కడే, పెకూసిస్. మిగతావాళ్ళకు ఉల్లిపాయలు పండించడం వచ్చుగానీ అక్షరం ముక్క రాదు. పైగా ఆ కాలపు రాత మాటకీ మాటకీ మధ్య సందు లేకుండా చీమల బారులా ఉండేది. ఎక్కడ విడదీయాలో, ఎక్కడ ఆగాలో, ఏ మాట ఎవరి నోటిదో తేల్చాలంటే వ్యాకరణం రావాలి. పెకూసిస్ అలెగ్జాండ్రియాలో ఒక వ్యాకరణ పండితుడి ఇంట్లో పదేళ్ళు ఉండి వచ్చాడు. పుస్తకం కూడా అక్కణ్ణుంచి తెచ్చిందే.

కీర్తన మధ్యలో ఆగి, ఇక్కడ మాట్లాడుతున్నది కీర్తన రాసిన రాజు కాదు, సిలువ మీది క్రీస్తు అని చెప్పేవాడు. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకునేవాళ్ళు. పుస్తకాన్ని మాత్రం ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు.

మధ్యాహ్నం అందరూ సంఘపెద్ద నీలోస్ ఇంట్లో చేరారు.

"ఇచ్చెయ్యండి పెద్దయ్యా. ఆ కాగితాలు పోతే మనకేం పోదు" అన్నాడు పెకూసిస్, తల వంచుకుని.

పొరుగూరి చదువరి వీపు చీరేసినా పుస్తకం జాడ చెప్పలేదని ఎవరో ఎత్తిపొడిచారు.

"దేవుడి మాట కాగితాలట్రా నీకు? పదేళ్ళు పండితుడి తిండి తిని నేర్చింది ఇదేనా?" అన్నాడు నీలోస్.

"నేనుంటే చాలు. మీకు అంతా వినిపిస్తాను."

"పుస్తకం లేకుండా ఏం వినిపిస్తావు? ఒక్క మాట జారినా అర్థం తలకిందులవుతుందన్నది నువ్వే కదరా."

పెకూసిస్ ముఖం కందిపోయింది. చావు భయమని అందరూ అనుకున్నారు.

పుస్తకాన్ని పప్పుల జాడీ అడుగున దాచారు. పొద్దు వాలేసరికి పెకూసిస్‌ను అప్పగించారు. పిరికివాడికి రొట్టె ముక్కయినా మూట కట్టి ఇచ్చినవాడు లేడు.

రెండేళ్ళకు అతను పోయినట్టు కబురొచ్చింది. ఎనిమిదేళ్ళకు ఆజ్ఞ రద్దయింది. ఈలోగా పెద్దవాళ్ళు విన్నవి మరిచిపోయారు. పిల్లలకు ఒక్క కీర్తన కూడా రాదు. అయినా పుస్తకం ఉంది కదా అన్న ధైర్యంతో నీలోస్ స్వయంగా అలెగ్జాండ్రియా వెళ్ళాడు. సంఘస్థుడే అయిన ఒక వ్యాకరణ పండితుణ్ణి బతిమాలి తీసుకొచ్చాడు.

పండితుడు నాలుగు పుటలు తిప్పి, ఇది ఎవరు చదివేవారని అడిగాడు. చెప్పారు.

"పెకూసిసా? మా నాన్నగారి ఇంట్లో నీళ్ళు మోసేవాడు. కీర్తనల పాఠం జరుగుతుంటే గుమ్మం దగ్గర నిలబడేవాడు. ఒకసారి విన్నది జన్మలో మరిచేవాడు కాదు."

నీలోస్‌కు అదంతా పట్టలేదు. ముందు ఒక కీర్తన చదవమని చేతులు జోడించాడు.

"ఇందులో కీర్తనలెక్కడివి పెద్దాయనా, ఇది గుర్రాల రోగాలకు మందులు చెప్పే పుస్తకం."